గోడమీది చెట్టుకు మొగ్గలు

గుమ్మానికి ఎదురుగా అద్దం ఉండకూడదనే వాళ్లతో, ఉత్తరం గోడకు జలపాతం బొమ్మ కడితే ఇల్లు కలిసొస్తుందనే వాళ్లతో వాదించడంలో నా జీవితం సగం గడిచింది. గోదావరిఖనిలో ఒక బడిలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. సాయంత్రాలు రీడింగ్ రూములో చర్చలు, ఆదివారాలు కార్మికుల కాలనీల్లో సభలు, నెలకో రెండు నెలలకో ఏదో ఒక పత్రికలో వ్యాసం. ఎదుటివాడికి జవాబు లేకుండా పోయేదాకా వదిలేవాణ్ని కాదు. ఆ పట్టుదలతోనే నేను ఒక చెట్టు బొమ్మ అమ్మాను.

బొమ్మ నాది కాదు, మా అక్క కూతురిది. హైదరాబాదులో పెయింటింగ్ చదువుకొని వచ్చి, మా ఇంటి కింది భాగంలో ప్రింట్ల దుకాణం పెట్టింది. ఈ ఊళ్లో ఇలాంటి దుకాణం నడుస్తుందా అని నాకే అనుమానం ఉండేది. నడిచింది. రిటైరై బొగ్గు కంపెనీ క్వార్టరు ఖాళీ చేసిన వాళ్లు సొంతంగా కట్టుకుంటున్న ఇళ్లకు ఇప్పుడు ఫాల్స్ సీలింగులు, బూడిద రంగు గోడలు. అంత పెద్ద గోడ ఖాళీగా ఉంటే బాగుండదని వీళ్లకూ అనిపిస్తున్నది. మా పిల్ల వాళ్ల ఇంటికి వెళ్లి గోడ కొలిచి, సోఫా రంగు చూసి, ఫోన్లో ఫోటో తీసుకొచ్చేది. ఆ ఫోటోలోని గోడమీద తన బొమ్మను పెట్టి వాళ్లకు చూపించేది. నచ్చితే కాన్వాసు మీద అచ్చువేసి, చెక్క ఫ్రేముకు బిగించి, వార్నిష్ పూసేది. ఆ వార్నిష్ ఆరేదాకా తలుపుకు తడి గోనెసంచి కట్టాల్సిందే. లేకపోతే ఏ బొమ్మ అయినా సాయంత్రానికి బొగ్గుపొడి అద్దుకొని బొగ్గుబాయి బొమ్మ అయిపోతుంది. ఇక్కడ గనిని బాయి అనే అంటారు.

ఎక్కువమంది అడిగేది ఏడు గుర్రాలు. అవి వాకిలి వైపు నుంచి ఇంట్లోకి పరుగెత్తాలి. వాకిలి ఎడమకుంటే ఒక రకం, కుడికుంటే ఇంకో రకం. మా పిల్ల మారుమాట లేకుండా గుర్రాలను ఇటునుంచి అటు తిప్పి అచ్చువేసేది. నేను ఊరుకోలేకపోయేవాణ్ని.

"గుర్రాలు బయటికి ఉరికితే ఏమైతది? గోడ ఇడిసి పోతయా?" అని అడిగేవాణ్ని.

"మామా, నువ్వు మీదికి పోయి పేపర్ చదువుకో పో" అనేది మా పిల్ల. "నువ్వు గెలిచినప్పుడల్ల నాకో గిరాకి పోతుంది."

ఒక పొద్దున నేను కిందికి దిగేసరికి గోడకు ఆనించి ఒక కొత్త కాన్వాసు ఉంది. మనిషంత పొడవు. నల్లటి నేపథ్యం, దాని మీద బూడిద రంగు, లేత బంగారు రంగు కలిసిన ఒక చెట్టు. కింద నడిమి నుంచి మాను లేచి రెండుగా చీలింది. ఒక్కో చీలిక మళ్లీ చీలి, సన్నబడి, వెంట్రుకల్లాంటి రెమ్మలై అంచుల దాకా పాకింది. వెనుక మంచులో మునిగిన గుట్టల వరుసల్లాగా మెల్లగా వంగిన గీతలు. ఆకు ఒక్కటి లేదు. కింది కొమ్మల చుట్టూ మాత్రం గింజలంత బంగారు చుక్కలు, వందల్లో.

"ఎక్కడి చెట్టే ఇది?" అన్నాను.

"ఎక్కడిది కాదు మామ. నేనే చేసిన."

అంతకన్నా నేను అడగలేదు. బొమ్మ బాగుంది, పిల్లకు పేరొస్తుంది అనుకున్నాను.

ఆ వారమే ఆలుమగలు ఇద్దరు వచ్చారు. ఆయన ముప్పై ఏళ్లు బాయిలో పనిచేసి కొత్తగా దిగిపోయిన, అంటే రిటైరైన మనిషి. ఊరి చివర ఇల్లు కట్టాడు. ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం పేలుడు పెట్టినప్పుడల్లా కిటికీలు గలగలమనే వైపు. పాలు పొంగించకముందే హాలు గోడకు సన్నటి పగులు పడిందట. దాన్ని కప్పేటంత పెద్ద బొమ్మ కావాలి. చెట్టును చూసి ఆయన ఆగిపోయాడు. ఆమె చూసి మొహం తిప్పుకుంది.

"గిదేంది సారు, మోడు చెట్టు. ఇంట్ల మోడు పెట్టుకుంటరా ఎవలన్న?"

"పెట్టుకుంటే ఏమైతదమ్మా?"

"ఇంటి పెద్దకు మంచిది కాదంటరు."

"ఎవరంటరు?"

"అందరంటరు."

ఆ 'అందరు' అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మంచి చెట్టు బొమ్మ పెట్టుకున్న ఇళ్లలో ఎవరూ చావలేదా అని అడిగాను. దవాఖాన గోడల నిండా పచ్చటి తోటల బొమ్మలే కదా, అక్కడ రోగులు పోవడం లేదా అని అడిగాను. కాగితం మీది రంగు మనిషి నెత్తురులోకి ఏ దారిన పోతుందో చెప్పమన్నాను. ఆయన నవ్వుతూ వింటున్నాడు. ఆమె మాత్రం వినడం లేదు. బొమ్మనే చూస్తోంది.

"ఏమో సారు. చూస్తె నాకు మనసుల ఎట్లనో అయితుంది" అంది.

అప్పుడు నేను ఆఖరి అస్త్రం తీశాను. బొమ్మ దగ్గరికి నడిచి కింది కొమ్మల మీద వేలు పెట్టాను.

"మోడు ఎట్లయితదమ్మా ఇది? ఇగో, మొగ్గలు చూడు. ఎన్నున్నయి? మొగ్గలున్న చెట్టును మోడంటరా? రేపో మాపో పూసేటట్టుంది."

ఆమె వంగి ఆ చుక్కలను దగ్గరగా చూసింది. ఆయన తొడమీద చరుచుకున్నాడు. "సారుతోని పెట్టుకుంటే అయితదా? కట్టియ్యుండ్రి బిడ్డా, ఇదే తీస్కపోతం."

వాళ్లు వెళ్లాక మా పిల్ల నన్ను అదోలా చూసింది. "మామ వాదిస్తే గిరాకి నిలవడుడు ఇదే మొదలు" అంది. ఆ పూటంతా నేను సంతోషంగానే ఉన్నాను.

గృహప్రవేశానికి నన్ను పిలిచారు. పూజ అయ్యేదాకా బయట నిలబడి, భోజనాల వేళకు లోపలికి వెళ్లాను. చెట్టు హాల్లో గోడమీద ఉంది. పైనుంచి పసుప్పచ్చటి లైటు దాని మీద పడుతోంది. పగులు కనిపించడం లేదు. వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. అందరిలో ఒకామె మాత్రం గ్లాసు చేతిలో పట్టుకొని, తల ఒక పక్కకు బాగా వంచి, ఎంతసేపటికీ కదలకుండా బొమ్మనే చూస్తోంది. ఆ వీధిలోనే ఉండే డాక్టరమ్మ. ఈ బొగ్గు ఊళ్లలోనే రోగులను చూస్తూ ముసలిదైంది. ఇంటాయన నన్ను చూపించి "ఇగో, ఈ సారు వాళ్ల దుకాణందే" అన్నాడు.

ఆమె నన్ను పక్కకు పిలిచింది. ఫోన్లో బొమ్మను ఫోటో తీసి, దాన్ని తలకిందులు చేసి నా చేతికిచ్చింది.

"ఇప్పుడు చూడండి సారు."

చూశాను. మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. మాను పైనుంచి కిందికి దిగుతున్న గొంతు గొట్టం. రెండు చీలికలు రెండు వైపులా. మంచు గుట్టలనుకున్న వంపులు పక్కటెముకలు. అది ఒక మనిషి రొమ్ము. ముప్పై ఐదేళ్లు పిల్లలకు కాంతి గురించి, ఎక్స్‌రేల గురించి చెప్పినవాణ్ని, దాని ముందు నిలబడి చెట్టంటూ వాదించాను.

"మరి ఇవి?" అన్నాను చుక్కలు చూపించి. అడగక్కరలేదు, నాకు తెలిసిపోతోంది. అయినా అడిగాను.

"దుమ్ము" అంది ఆమె. "ఏండ్లకేండ్లు పీల్చిన దుమ్ము గట్టిపడ్డ జాగలు కావచ్చు. ఇంకేదన్న కావచ్చు. రంగులేసిన బొమ్మను చూసి నేను రోగం చెప్పను, అసలు ఫిల్మ్ కావాలె. కని ఇది ఎవరిదో జల్ది తెలుసుకోండి. ఆ మనిషి ఇంకా బాయిల దిగుతుండొచ్చు."

నేను ఆ భోజనం ముట్టుకోలేదు. ఇంటాయన చెయ్యి పట్టుకొని లాగుతున్నా ఆగకుండా ఆటో ఎక్కాను. నా వేలు పెట్టి, ఇవి మొగ్గలు, రేపో మాపో పూస్తాయి అన్నానే, ఆ మాట దారంతా నా చెవిలో నా గొంతుతోనే వినిపిస్తూ వచ్చింది.

మా పిల్ల ఒక ఫ్రేముకు కాన్వాసు బిగిస్తోంది. అడిగాను. ఆమె ఏమీ దాచలేదు. దాచాల్సిన విషయమని ఆమెకు తోచలేదు కూడా.

"ఔ మామ, ఎక్స్‌రేనే. తలకిందులు చేస్తె చెట్టు లెక్క కనవడ్డది. నీ బీరువ మీద ఉన్నయి కద, గ్రహణం ఫిల్ములు. అండ్లదే."

గ్రహణం ఫిల్ములు.

ఐదేళ్లు దాటింది. పొద్దున పట్టిన సూర్యగ్రహణం. గ్రహణం వేళ ఎవరూ తినకూడదు, కడుపుతో ఉన్న ఆడవాళ్లు బయటికి రాకూడదు అనే మాటను ఈ ఊళ్లో పాతిపెట్టాలని మేము మైదానంలో సభ పెట్టాం. ఉప్మా వండించి అందరిచేతా తినిపించాం. సూర్యుణ్ని చూడడానికి తెప్పించిన కళ్లద్దాలు చాలవని ముందు రోజే తెలిసిపోయింది. అప్పుడు నేను కాలనీలో ఇల్లిల్లూ తిరిగి పాత ఎక్స్‌రే ఫిల్ములు పోగుచేశాను. ఒక్కోదాని అంచులకు నల్ల అట్ట అంటించి, పట్టుకోవడానికి వీలుగా చేశాను. ఫిల్ముతో సూర్యుణ్ని చూడడం కళ్లకు ప్రమాదమని తర్వాత నా సాటి హేతువాదులే నన్ను గట్టిగా తిట్టారు. సరిగ్గానే తిట్టారు. కాని ఆ పొద్దున నాకు ఏదీ కనబడలేదు. వందలమంది తలలెత్తి, మెడలు విరుచుకొని చూస్తున్నారు. నేను మైకు పట్టుకొని ఎట్లా చూడాలో చెబుతున్నాను. ఫిల్ములో బాగా నల్లగా ఉన్నచోటు నుంచి చూడండి అన్నాను. నల్లగా ఉండేది గాలి నిండిన చోటు. అంటే ఊపిరితిత్తి. మేమందరం ఒకరి ఊపిరితిత్తుల్లో నుంచి సూర్యుణ్ని చూశాం. ఊపిరితిత్తులను మాత్రం ఒక్కరమూ చూడలేదు.

మా పిల్ల బీరువా మీది కట్ట దించింది. చెట్టు చేసిన ఫిల్మును వెతికి తీసింది. మూలన పేరు ఉండాలి. ఆ మూలమీద నేను అంటించిన అట్ట ఉంది. అందుకే ఆమెకూ కనబడలేదు. కట్టరుతో అట్టను మెల్లగా లేపింది. నేను కళ్లద్దాలు తుడుచుకుంటున్నాను. ఆమె చదివి ఫిల్మును నా ముందు పెట్టింది.

ఆమె బడి సర్టిఫికెట్లన్నింటిలో తండ్రి పేరు దగ్గర ఉండే పేరు అది.

మా బావ ఇంకా బాయిలో దిగుతున్నాడు. రిటైర్‌మెంటుకు పదకొండు నెలలుంది. ఆ ఫిల్ము ఆయన ఇంట్లో గోడ మేకుకు కవరుతో సహా వేలాడుతుండగా నేనే తీసుకున్నాను. ఇప్పుడు అంతా గుర్తొచ్చింది. దగ్గు తగ్గడం లేదని ఒక ప్రైవేటు సెంటరులో తీయించుకున్నాడు. "నెలాగి ఇంకోటి తీపిచ్చి, రెండు పట్కరమ్మన్నరు. రెండు పక్కపక్కకు పెట్టి చూస్తరట" అని నాతో చెప్పాడు. రెండు రోజుల్లో తెచ్చిస్తానన్నాను. "సరే తీ, ముందుగల్ల సూర్యునికి చూపియ్యి, ఆయినె ఏమంటడో చూద్దాం" అని నవ్వాడు. నేను తిరిగి ఇవ్వలేదు. ఆయన అడగలేదు. సభ గెలిచిన ఉత్సాహంలో ఫిల్ములన్నీ కట్టగట్టి, వచ్చే గ్రహణానికి పనికొస్తాయని బీరువా మీద పడేశాను.

నాలుగున్నరకు ఇద్దరం అక్కా వాళ్ల క్వార్టరుకు వెళ్లాం. మా బావ మొదటి షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, వాకిట్లో మంచం మీద కూర్చొని ఉన్నాడు. పక్కన మడిచిన తువ్వాల. దగ్గొచ్చినప్పుడు దాన్ని నోటికి అడ్డం పెట్టుకుంటాడు. ఇన్నేళ్లుగా ఆ తువ్వాలను చూస్తున్నాను, చెమటకనుకున్నాను. నేను నిలబడే అంతా చెప్పాను. అక్క గడపలోనే కూర్చుండిపోయింది.

"అంటే నా రొమ్మును చెట్టు జేసి అమ్ముకున్నరు" అన్నాడు మా బావ. "మంచిగనే ఉన్నదా?"

"బావా, పరాచికాలకు ఇది టైము కాదు. లే, ఇప్పుడే దవాఖానకు పోదాం."

"పదకొండు నెలలు ఆగు. దిగిపోయినంక పోదాం."

"పదకొండు నెలలు ఇంకా ఆ దుమ్ములనే ఉంటవా?"

"ముప్పై ఏండ్లు ఉన్న. ఇంకో పదకొండు నెలలకు ఏమైతది?"

దానికి నా దగ్గర పది జవాబులున్నాయి. మొదటిది మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"బామ్మర్దీ, నువ్వు మాట్లాడకు. నువ్వు మాట్లాడితే నేను ఓడిపోత. ఓడిపోయి గూడ దవాఖానకు రాను. నీతోని ఓడిపోయినోళ్లు ఎవరు మారిండ్రు చెప్పు. ఇంటికి పోయి మల్ల అదే చేస్తరు."

ఆయన తువ్వాలను ఇంకో మడత పెట్టి అన్నాడు. "ఫిల్ము నీ దగ్గరున్నదని పోలేదంటే అబద్ధం. నీ దగ్గరున్నది మంచిగైందని పోలె. మెట్లెక్కేటోనికి తెల్వదా రొమ్ముల ఏమున్నదో? దవాఖానల చెప్పిందాక అది లేనట్టే."

ఆయన ఆ మాటతో నా తప్పు తగ్గించాలనుకున్నాడో లేదో తెలియదు. తగ్గలేదు. భయపడే మనిషికి దాక్కోవడానికి చోటు ఇచ్చింది నేనే. అదీ సైన్సు పేరు చెప్పి.

మా పిల్ల అప్పటిదాకా ఫిల్మును రెండు చేతుల్లో పట్టుకొని వాకిలి మధ్య నిలబడి ఉంది. వచ్చి తండ్రి పక్కన మంచం మీద కూర్చుంది.

"బాపూ, ఈ చుక్కలకు నాలుగు రోజులు బంగారు రంగు పెట్టిన నేను. కంప్యూటర్ల పెద్దగ చేసుకొని, ఒక్కొక్కదానికి. కొన్ని తీసేద్దామనుకున్న, మరీ ఎక్కువున్నయని. తీస్తె బాగుండదని ఉంచిన."

మా బావ ఆమె వైపు తిరిగాడు. "ఎన్నున్నయే?"

ఆమె ఫిల్మును ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన కొంతసేపు ఆమె వేళ్ల వైపు చూశాడు. వార్నిష్, ఇంకు మరకలున్న వేళ్లు. తర్వాత లేచి లోపలికి వెళ్లాడు. గొణుగుతున్నాడేమో, తిడుతున్నాడేమో, గోడ ఇవతలికి వినిపించలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకొని బయటికొచ్చి, "ఆటో పిలువు" అన్నాడు మా పిల్లతో. నాతో కాదు.

దవాఖానలో కొత్త ఫిల్ము తీసి, పాతదాన్ని పక్కన పెట్టి లైటు వేశారు. అక్కడి డాక్టరు చిన్నవాడు. పాతదాంట్లో విడివిడిగా ఉన్న చుక్కలు కొత్తదాంట్లో అక్కడక్కడ ఒకదాన్నొకటి అంటుకొని ఉన్నాయి. అది నాకే కనిపిస్తోంది. కఫం పరీక్షకు రాశాడు. దీన్ని తీసేసే మందు లేదని, ఇంకా పెరగకుండా చూసుకోవాలని, రేపటి నుంచి బాయిలో దిగొద్దని, దానికి కాగితం తను రాసిస్తానని చెప్పాడు. మా బావ తలూపాడు.

"ఈ పాత ఫిల్మును అప్పుడే తెచ్చి ఉంటే?" అని నేను అడిగాను.

"అప్పుడే దుమ్ములకెల్లి బయటికి తీసుకొస్తుంటిమి. ఇంత కాకపోవు" అన్నాడు అతను. అంతే. ఎవరు తేలేదని అడగలేదు.

మర్నాడు ఆ కొత్త ఇంటికి వెళ్లి అసలు సంగతి చెప్పాను. చెప్పకపోతే ఆ గోడమీద నా అబద్ధం ఒకటి ఉన్నట్టే. ఇంటామె నా మాట పూర్తికాకముందే అంది: "నేను అప్పుడే అన్న కద సారు, మనసుల ఎట్లనో అయితుందని." మోడు అన్నదానికీ దీనికీ సంబంధం లేదమ్మా అని నా నాలుక చివరి దాకా వచ్చింది. బొమ్మ ఎవరికీ చేటు చేయదని ఇప్పటికీ అంటాను, రేపూ అంటాను. చేటు ఐదేళ్లు నా బీరువా మీద ఉంది. కాని ఆ రోజు దుకాణంలో ఉన్న నలుగురిలో బొమ్మను నిజంగా చూసింది ఆమె ఒక్కతే. నేను నా వాదనను చూసుకుంటూ నిలబడ్డాను. అందుకని ఆ మాట మింగేశాను. ఇంటాయన బొమ్మను మేకుల నుంచి దించి, కొత్త దుప్పటి చుట్టి నాకిచ్చాడు. వెనుక పగులు వాళ్లు అప్పుడు చెప్పినదానికన్నా పొడుగైంది. గుమ్మం దాకా వచ్చి, "సారు, మీ బావకు తీసిన తాన నాది గూడ తీస్తరా?" అని మెల్లగా అడిగాడు. తీస్తారని చెప్పాను.

కఫం పరీక్ష చీటీ తీసుకోవడానికి నేను, మా బావ మళ్లీ దవాఖానకు వెళ్లాం. పరీక్షలో ఇంకే రోగమూ లేదని వచ్చింది. ఉన్నది దుమ్మే. నర్సు రెండు ఫిల్ములనూ ఒకే కవరులో పెట్టి, మూడు నెలల తర్వాత మళ్లీ తెమ్మని చెబుతూ నా వైపు చాపింది. కళ్లద్దాలు, జేబులో పెన్ను ఉన్నవాణ్ని నేనే కదా. నేను చెయ్యి చాపాను.

నా భుజం మీదుగా మా బావ చెయ్యి వచ్చి కవరు పట్టుకుంది.

"నీకొద్దు తియ్యి" అన్నాడు. "ఇది నా తాన్నే ఉంటది."

కవరును చంకలో పెట్టుకొని, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకొని, మెట్లు దిగడం మొదలుపెట్టాడు. రెండు మెట్లకోసారి ఆగుతున్నాడు. నేను ఆయన వెనకే, ఆయన ఆగినప్పుడల్లా ఆగుతూ దిగాను.